లీటర్లు చూసి గిన్నె కొనకండి: క్యాంపింగ్, బ్యాక్‌ప్యాకింగ్ గిన్నెల సైజులపై రివ్యూ

గిన్నె మీద 750 మి.లీ. అని ఉంటే అది అంచు దాకా నింపితే పట్టే లెక్క. అంచు దాకా నింపిన గిన్నెను స్టవ్ మీద పెట్టే పని ఎవరూ చేయరు. నీళ్లు మసిలేటప్పుడు ఎగిరిపడతాయి, మూత కింద నుంచి కారతాయి, దించేటప్పుడు ఒలికి చేతి మీద పడతాయి. అందుకే ఈ రివ్యూలో ప్రతి గిన్నెకీ ముందు చూసింది లేబుల్ మీది అంకె కాదు. పైన రెండు సెంటీమీటర్లు వెలితి వదిలితే లోపల ఎంత మిగులుతుంది అన్నదే అసలు కొలత.

టోక్స్ కంపెనీ టైటానియం గిన్నెలనే తీసుకుందాం. వాళ్ల 750 మి.లీ. గిన్నె 9.5 సెం.మీ. వెడల్పు, సుమారు 11 సెం.మీ. ఎత్తు, మూతతో కలిపి 103 గ్రాములు. రెండు సెంటీమీటర్ల వెలితి వదిలితే సుమారు 140 మి.లీ. పోతుంది, చేతికొచ్చేది 610 దాకా. అదే కంపెనీ 900 మి.లీ. గిన్నెను రెండు ఆకారాల్లో చేస్తుంది: ఒకటి 11.5 సెం.మీ. వెడల్పు, రెండోది 13 సెం.మీ. అంతే వెలితి మొదటిదాంట్లో 210 మి.లీ. తినేస్తుంది, రెండోదాంట్లో 265. అంటే మిగిలేవి 690, 635. పేరుకి 150 మి.లీ. పెద్ద గిన్నె. కానీ ఆ వెడల్పు రకంలో నీళ్లు కాచుకోవడానికి అదనంగా దొరికింది గట్టిగా పాతిక మి.లీ. మాత్రమే.

దీన్నిబట్టి వెడల్పు గిన్నె దండగ అనుకుంటే పొరపాటే. అది వేరే పనికి పుట్టిన గిన్నె. నీళ్లు కాచుకోవడానికి నిలువు గిన్నె, వండుకోవడానికి వెడల్పు గిన్నె. సైజు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండా లీటర్లు చూసి కొంటారు. తర్వాత నిలువు గిన్నెలో అన్నం మాడ్చుకుంటారు, లేదా ఒక్క కప్పు టీ కోసం రెండు లీటర్ల గిన్నె మోస్తారు.

ఒక్కరికి, నీళ్లు మాత్రమే కాచుకుంటే

ఎండబెట్టిన భోజనం ప్యాకెట్లలో వేడినీళ్లు పోసుకునే వాళ్లకి ఒక పూటకి కావలసిన నీళ్ల లెక్క చాలా సులువు. ప్యాకెట్‌కి 250 నుంచి 450 మి.లీ. పడుతుంది, ఎంతన్నది దాని వెనకే రాసి ఉంటుంది. పైన ఒక కప్పు టీనో కాఫీనో అంటే ఇంకో 200, 250. మొత్తం 450 నుంచి 700 మధ్య తేలుతుంది. 750 గిన్నె ఇచ్చే 610తో చాలా పూటలు ఒక్క కాపులో గడిచిపోతాయి. ప్యాకెట్ పెద్దదైన రోజున టీ నీళ్లు విడిగా కాచుకోవాలి. ప్యాకెట్‌లో భోజనం నానడానికి ఎలాగూ పది నిమిషాలు పడుతుంది కాబట్టి ఆ రెండో కాపు వల్ల సమయం ఏమీ పోదు.

ఒంటరి ప్రయాణానికి 750 మా మొదటి ఎంపిక కావడానికి ఇంకో కారణం గ్యాస్ డబ్బా. 100 గ్రాముల గ్యాస్ పట్టే చిన్న క్యానిస్టర్ సుమారు 9 సెం.మీ. వెడల్పు ఉంటుంది, 9.5 గిన్నెలో సరిగ్గా దిగుతుంది. దాని పైన మడత బర్నర్, లైటర్, గుడ్డ ముక్క కూడా పడతాయి. వంట సామానంతా ఒక్క గిన్నెలోకి వచ్చేస్తే సంచిలో సర్దుకోవడం తేలికవుతుంది. 230 గ్రాముల క్యానిస్టర్ వాడేవాళ్లకి ఈ గిన్నె పనికిరాదు. దాని వెడల్పు సుమారు 11 సెం.మీ., కాబట్టి 11.5 గిన్నె కావాలి. తడి క్యానిస్టర్‌ను గిన్నెలో అలాగే పెట్టి రాత్రంతా వదిలేస్తే దాని ఇనుప అంచు అడుగున గుండ్రంగా తుప్పు మరక వేస్తుంది. అడుగున చిన్న గుడ్డ వేస్తే మరకా ఉండదు, నడుస్తుంటే గలగలా ఉండదు.

ఇంకా చిన్నవి, 450, 550 గిన్నెలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. 9.5 సెం.మీ. వెడల్పున్న 550 గిన్నెలో వెలితి పోగా మిగిలేది 400 దాకా. ఒక ప్యాకెట్‌కి సరి, లేదా ఒక పెద్ద కప్పు టీకి సరి, రెండింటికీ కలిపి చాలదు. 750తో పోలిస్తే బరువులో ఆదా అయ్యేది పాతిక గ్రాములు అటూ ఇటూ. ఆ కాస్త బరువు కోసం పొద్దున, సాయంత్రం రెండేసి సార్లు స్టవ్ వెలిగించుకోవడం మాకు సబబుగా తోచలేదు. ఒకటి రెండు రాత్రుల ప్రయాణానికి, అదీ రాత్రి భోజనం ఒక్కటే వేడిగా తినేవాళ్లకి మాత్రం 550 చాలు.

గ్యాస్ లెక్క కూడా ఇక్కడే చూసేద్దాం. 10 డిగ్రీల చల్లటి నీళ్లు అర లీటరు మరిగించడానికి సుమారు 190 కిలోజౌళ్ల వేడి కావాలి. ఒక గ్రాము గ్యాస్ కాలితే 45 కిలోజౌళ్లకు పైనే వస్తుంది, కాబట్టి కాగితం మీద నాలుగు గ్రాములు చాలాలి. వాస్తవంలో సగం సెగ గిన్నె పక్కల నుంచి గాలిలోకి పోతుంది. గాలి లేని చోట, మూత పెట్టి, మధ్యస్థ మంట మీద ఏడెనిమిది గ్రాములు అవుతుంది. అలా చిన్న క్యానిస్టర్ పన్నెండు, పదమూడు కాపులకు వస్తుంది. సన్నటి గిన్నె కింద బర్నర్‌ను పూర్తిగా తిప్పితే ఈ లెక్క తప్పుతుంది. మంట అడుగు దాటి పక్కలకు ఎక్కుతుంది, సెగ వృథా, పైగా పిడి తాకలేనంత కాలుతుంది. పిడికి సిలికాన్ తొడుగు ఉంటే మాడి వాసన కొడుతుంది. 9.5 గిన్నె కింద మంట అంచు ఎప్పుడూ గిన్నె అడుగు లోపలే ఉండాలి. బర్నర్ సగం తిప్పితే చాలు. మరగడానికి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, గ్యాస్ మాత్రం మిగులుతుంది.

గిన్నెలోనే వండుకునేవాళ్లకి

ఇక్కడ లెక్కంతా మారిపోతుంది. నూడుల్స్ సంగతే చూడండి. చాలా ప్యాకెట్లలో నూడుల్స్ అచ్చు పది సెంటీమీటర్లు దాటి ఉంటుంది, 9.5 గిన్నెలో అడ్డంగా దిగదు. విరిచి వేయాలి, ముక్కలు నిలువుగా నిలబడతాయి, కింది సగం మెత్తబడేసరికి పై సగం ఇంకా గట్టిగానే ఉంటుంది. 13 గిన్నెలో అచ్చు అలాగే పడుకుంటుంది, 400 మి.లీ. నీళ్లలో మునిగి అంతా ఒకేసారి ఉడుకుతుంది.

అన్నం విషయంలో తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 150 గ్రాముల బియ్యానికి 350 మి.లీ. ఎసరు పెట్టారనుకోండి. రెండూ కలిపి గిన్నెలో 450 మి.లీ. దాకా ఉంటుంది. 9.5 గిన్నెలో అది ఆరు సెంటీమీటర్లకు పైగా లోతు. మసలడం మొదలయ్యాక ఆ లోతులోంచి వచ్చే ఆవిరంతా 70 చదరపు సెంటీమీటర్ల పైతలం గుండానే బయటపడాలి. గంజి నురగ గొట్టంలో ఎక్కినట్టు ఎక్కి మూతను లేపుతుంది, బర్నర్ మీదికి పొంగుతుంది. 13 గిన్నెలో పైతలం దాదాపు రెట్టింపు, 133 చదరపు సెంటీమీటర్లు. అదే మంట మీద నురగ పలచగా పరుచుకుని విరిగిపోతుంది. పొంగు రాదని కాదు, మూత కొంచెం జరిపి మంట తగ్గించే వ్యవధి మీకు దొరుకుతుంది.

కలపడం, కడగడం కూడా వెడల్పు మీదే ఆధారపడతాయి. 11 సెం.మీ. లోతున్న సన్నటి గిన్నెలో మామూలు చెంచాతో అడుగు గీరాలంటే వేళ్లు ఆవిరిలోకి దిగాలి. పొడవు కాడ ఉన్న చెంచా, ఇరవై సెంటీమీటర్లు దాటినది, తప్పనిసరి. కడిగేటప్పుడు చాలామంది పిడికిలి ఆ మూతిలో పట్టదు. అడుగు మూలల్లో అంటుకున్న మెతుకులు వేలికి అందవు. రాత్రి వదిలేసిన ఆ మెతుకులు పొద్దున టీలో తేలతాయి.

కాబట్టి ఒక్కరు గిన్నెలో వండుకుంటే 900 మి.లీ., 13 సెం.మీ. వెడల్పు రకం. ఆకలి ఎక్కువ ఉన్నవాళ్లు 1.1 లీటర్ల దాకా వెళ్లొచ్చు. అంతకు మించితే ఒక్కరి వంట అడుగున పలచగా పరుచుకుని ఉడికే లోపే నీరంతా ఇగిరిపోతుంది. పెద్ద గిన్నెలో చిన్న వంట కూడా అడుగంటుతుందన్న సంగతి కొనేటప్పుడు ఎవరికీ గుర్తు రాదు.

వండుకునేవాళ్లకి లోహం కూడా ముఖ్యమే. టైటానియం తేలిక, గట్టి, కానీ వేడిని పక్కకు పాకనివ్వదు. అల్యూమినియం వేడిని దానికంటే సుమారు పదింతలు బాగా పంచుతుంది. స్టీలు టైటానియం కంటే కొంచెం వెనకే ఉంటుంది, బరువూ ఎక్కువే, కానీ మొరటు వాడకానికి తట్టుకుంటుంది. పలచటి టైటానియం గిన్నెలో జావ కాచి చూడండి: మాడు గుండ్రంగా, ఉంగరంలా, బర్నర్ రంధ్రాల వరస ఎలా ఉందో అలాగే పడుతుంది. నడిమధ్యలో, అంచుల్లో పచ్చిగానే ఉంటుంది. నీళ్లు కాచడానికి టైటానియం, వంటకి అల్యూమినియం అన్నది మా అభిప్రాయం. కఠిన పూత వేసిన అల్యూమినియం అయితే పులుపు వంటలకీ భయం లేదు. నాన్‌స్టిక్ పూత ఉన్నవాటితో ఒక జాగ్రత్త: ఖాళీ గిన్నెను బర్నర్ మీద నిమిషం వదిలేసినా పూత పాడయ్యే 260 డిగ్రీలు దాటిపోవచ్చు. క్యాంపు స్టవ్ మంట చిన్న చోట పోగుపడి ఉంటుంది, ఇంటి స్టవ్‌లా నెమ్మదిగా వేడెక్కదు.

ఇద్దరికి 1.3 లీటర్లు చాలు

ఇద్దరంటే రెండు లీటర్లు అని అమ్మేవాళ్లు చెబుతారు. ప్యాకెట్ భోజనాలకి అంత అక్కర్లేదు. రెండు ప్యాకెట్లకి 350 చొప్పున 700, రెండు కప్పులకి 500, మొత్తం 1.2 లీటర్లు. 13 సెం.మీ. వెడల్పున్న 1.3 గిన్నెలో వెలితి పోగా ఒక లీటరు మిగులుతుంది. ఒక్క కాపులో కాదు కానీ, ముందు 700 కాచి ప్యాకెట్లలో పోసి, అవి నానే లోపు గిన్నె చల్లారక ముందే 500 కాచుకుంటే సరిపోయింది. ఎంత నీళ్లు వేడి చేశారో గ్యాస్ అంతే పడుతుంది, రెండుసార్లు కాచినందుకు జరిమానా లేదు.

ఇద్దరికి గిన్నెలో వండాలంటే మాత్రం 1.3 ఇరుకు. 200 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్లు పోస్తేనే గిన్నె నిండిపోతుంది, పిండి నురగకి చోటుండదు. అప్పుడు 1.8 నుంచి 2 లీటర్లు తీసుకోండి. ఎమ్మెస్సార్ కంపెనీ స్టీలు గిన్నెల వరస, 475, 775 మి.లీ., 1.1, 1.6 లీటర్లు, చూస్తే ఈ మెట్లు తెలుస్తాయి. అందులో 1.6 ఇద్దరి వంటకి అంచు మీద నడక లాంటిది. అన్నానికి సరి, పాస్తాకి జాగ్రత్తగా ఉండాలి.

నలుగురు, ఆపైన

నలుగురికి మూడు లీటర్ల గిన్నె ఒకటి కొనడం కంటే ఒకదాంట్లో ఒకటి ఇమిడే రెండు గిన్నెలు మేలు. స్వీడన్ కంపెనీ ట్రాంగియా ఏళ్ల తరబడి ఇదే పద్ధతిలో చేస్తోంది. వాళ్ల పెద్ద సెట్ 25లో 1.75, 1.5 లీటర్ల గిన్నెలు రెండు, చిన్న సెట్ 27లో లీటరు గిన్నెలు రెండు ఉంటాయి. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో కూర. లేదా ఒకదాంట్లో వంట, రెండోదాంట్లో టీ నీళ్లు. ఒకే మూడు లీటర్ల గిన్నెలో అన్నం వండితే, దాన్ని ఖాళీ చేసి కడిగే దాకా ఎవరికీ టీ దొరకదు. ఈ ట్రాంగియా సెట్లు బరువే, కాదనం. కానీ గిన్నెలు గాలి తెర (మంటకు గాలి తగలకుండా చుట్టూ ఉండే రేకు) లోపలికి దిగి కూర్చునే ఆ అమరికలో పొరపాటున తగిలి ఒలికిపోయే ప్రమాదం చాలా తక్కువ. గిన్నెలకు పిడి ఉండదు, పట్టకారుతో పట్టాలి. పట్టకారు పోతే గిన్నె దించడానికి దిక్కుండదు, కాబట్టి దాన్ని గిన్నె లోపలే దాచే అలవాటు చేసుకోండి.

ఆరుగురు దాటితే ఒకే సెట్‌తో కష్టపడకుండా రెండు స్టవ్‌లు, రెండు బృందాలుగా విడిపోవడమే మంచిది.

స్టవ్‌కి సరిపోని గిన్నె

ఇది సౌకర్యం సంగతి కాదు, ప్రమాదం సంగతి. క్యానిస్టర్ నెత్తిన బిగించే చిన్న బర్నర్ మీద రెండు లీటర్లకు మించిన గిన్నె పెట్టకండి. మూడు లీటర్ల గిన్నెలో రెండున్నర లీటర్ల నీళ్లంటే గిన్నెతో కలిపి మూడు కిలోలకు దగ్గర పడుతుంది. ఆ బరువంతా తొమ్మిదో పదకొండో సెంటీమీటర్ల క్యానిస్టర్ మీద, మెత్తటి నేల మీద నిలబడాలి. చెంచాతో ఒక్కసారి గట్టిగా తిప్పితే చాలు. పెద్ద గిన్నెకి గొట్టంతో క్యానిస్టర్‌కు దూరంగా, నేలకు దగ్గరగా ఉండే వెడల్పు కాళ్ల స్టవ్ కావాలి.

రెండో ప్రమాదం కంటికి కనపడదు. వెడల్పు గిన్నె అడుగు సెగను కిందికి, క్యానిస్టర్ మీదికి తిప్పికొడుతుంది. దానికి తోడు చుట్టూ గాలి తెర కట్టేస్తే ఆ సెగ బయటికి పోయే దారే ఉండదు. క్యానిస్టర్ వేడెక్కి పేలే అవకాశం ఉంది. నెత్తిన బిగించే స్టవ్‌కి చుట్టూ పూర్తిగా తెర ఎప్పుడూ కట్టొద్దు, గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డం పెట్టండి. మధ్యమధ్యలో క్యానిస్టర్‌ను తాకి చూడండి. అది చల్లగా ఉండాలి. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపేయండి.

చిన్న గిన్నెకి తిప్పలు వేరే. కొన్ని బర్నర్ల మూడు కాళ్లు దూరదూరంగా ఉంటాయి, సన్నటి గిన్నె వాటి కొసల మీద మాత్రమే ఆనుతుంది, లేదా నడుమ గుంటలో ఒరుగుతుంది. కొనే ముందు మీ బర్నర్‌ను తీసుకెళ్లి గిన్నెలో సగం నీళ్లు పోసి దాని మీద పెట్టి చూడండి. కాళ్లు గిన్నె అంచుకి కనీసం ఒక సెంటీమీటరు లోపల ఆనాలి. మీ స్టవ్ కాగితంలో గిన్నె గరిష్ఠ వెడల్పు రాసి ఉంటే అదే ఆఖరి మాట.

జెట్‌బాయిల్ లాంటి, గిన్నె, బర్నర్ కలిపి వచ్చే స్టవ్‌ల దారి వేరు. అడుగున రేకుల వరస సెగను పట్టి ఉంచుతుంది, గాలిలో కూడా తొందరగా మరుగుతుంది, గ్యాస్ ఆదా నిజమే. కానీ లోపల కంపెనీ గీసిన గీత దాటి నింపకూడదు. ఆ గీత అంచుకి చాలా కిందనే ఉంటుంది. లీటరు గిన్నె అని పేరున్నా ఒక కాపుకి లీటరు రాదు. నీళ్లకి భేష్, వంటకి పొడవు రకాలు కష్టం. అదే కంపెనీలో పొట్టిగా, వెడల్పుగా ఉండే మినీమో ఆ పనికి మెరుగు. ఈ రేకుల గిన్నెల్ని కట్టెల మంట మీద పెట్టకండి, మసి రేకుల సందుల్లో గడ్డకట్టి మళ్లీ రాదు.

మంచులో, ఎత్తులో

మంచు కరిగించి నీళ్లు చేసుకోవాల్సిన చోట పైన చెప్పిన సైజులన్నీ చిన్నవే. ఒక కిలో మంచు ఊరికే నీరవడానికే 334 కిలోజౌళ్లు కావాలి. ఆ నీళ్లను సున్నా డిగ్రీల నుంచి మరిగించడానికి పట్టే వేడిలో ఇది నూటికి ఎనభై వంతు. కొత్తగా పడ్డ మెత్తటి మంచు గిన్నె నిండా వేసినా అడుగున వేలెడు నీళ్లు కూడా రావు. ఇద్దరికైనా రెండు లీటర్లు, నలుగురికి మూడు లీటర్లు ఉండాలి. అడుగున ముందే కొన్ని నీళ్లు ఉంచి, మంచును కొద్దికొద్దిగా వేస్తూ పోవాలి. ఉత్త మంచు మీద మంట పెడితే అడుగున తగిలిన మంచు కరిగి పైమంచులోకి పీల్చుకుపోతుంది, ఖాళీ అయిన అడుగు కాలిపోతుంది, నీళ్లకి మాడు వాసన వస్తుంది. ఇంకొకటి: మంచుతో నిండిన పెద్ద చల్లటి అడుగు తగిలిన మంట పూర్తిగా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ పుడుతుంది. ఎంత చలిగా ఉన్నా ఈ పని టెంట్ బయటే చేయాలి.

3,000 మీటర్ల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. అన్నం, పాస్తా ఎక్కువసేపు ఉడకాలి, ఆ వ్యవధిలో నీళ్లు ఎక్కువ ఇగురుతాయి, కాబట్టి ముందే ఎక్కువ పోయాలి. అంటే మళ్లీ గిన్నెలో చోటు కావాలి. తాగే నీళ్లు కాచేటప్పుడు బాగా మసలడం మొదలయ్యాక ఒక నిమిషం, 2,000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు ఉంచాలి. వెలితి లేని గిన్నెలో మూడు నిమిషాల మసులుడంటే సగం స్టవ్ మీదే పోతుంది.

కొనే ముందు ఇంట్లో చేయదగ్గ పని

మీరు కొనాలనుకున్న సైజుకి దగ్గరగా ఉన్న ఇంటి గిన్నెను వంటింటి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. అంచుకి రెండు సెంటీమీటర్ల కింద దాకా నీళ్లు పోయండి. త్రాసు చూపే గ్రాములే మి.లీ. ఆ నీళ్లతో మీ ఒక పూట లెక్క, ప్యాకెట్, కప్పు, లేదా బియ్యం, ఎసరు, సరిపోతుందో లేదో చూసుకోండి. తర్వాత అందులోనే ఒకసారి నిజంగా వండండి. పొంగితే ఒక సైజు పైకి. రెండు పూటలు వండినా ఎప్పుడూ సగం దాటకపోతే ఒక సైజు కిందికి. గిన్నె పక్కన గీసిన కొలత గీతల్ని కూడా ఇదే త్రాసుతో సరిచూసుకోండి. తప్పుగా ఉంటే మీ కప్పు ఒకదానికి ఎన్ని మి.లీ. పడుతుందో కొలిచి పెట్టుకుని, ఇక నుంచి కప్పుతోనే నీళ్లు పోసుకోండి.